పెంపుడు పామునకు వెచ్చని గూడు

పామనగానే మన మనస్సునకు ముందుగా తోచునది పుట్ట. కార్తికమున నాగుల చవితినాడు పుట్టకడకు పోయి, పాలు పోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి వచ్చుట మన యిండ్లలో తరతరములుగా సాగుచున్న ఆచారము. ఆ పుట్టను కట్టినవి చెదలు; పాము అందులో చేరిన కాపురస్థుడు మాత్రమే. అది అచటనే యెందులకు చేరును? ఎలుకల వేటయు, శత్రువుల భయమును కొంత కారణము. మిగిలిన కారణము వేడిమి. వైశాఖమున పైనేల మాడుచున్నపుడు పుట్ట లోతున చల్లగా నుండును. పుష్యమాసపు రాత్రి పైన మంచు కురియుచున్నపుడు లోతున వెచ్చగా నుండును. తనకెంత వేడి కావలెనో అంత వేడి యున్న చోటును వెదకికొని, పొద్దుట ఎండకు వచ్చి, మధ్యాహ్నమునకు నీడకు పోయి పాము తన శరీరమును కాపాడుకొనును. గాజుపెట్టెలో పెట్టి పెంచిన పామునకు ఈ వెదకికొను స్వాతంత్ర్యము లేదు. పెట్టెలో మనమెంత వేడి పెట్టుదుమో అదియే దానికి లోకము. ఆ వేడి గతి తప్పినపుడు అది తలుపు తీసికొని పోజాలదు. అరచి మనలను పిలువజాలదు.

మొదటనే ఒక మాట చెప్పవలసి యున్నది. మన దేశపు పాములను, అది నాగుపామైనను, జెర్రిపోతైనను, కొండచిలువయైనను, పట్టి యింట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. విదేశపు జాతులలో అంతర్జాతీయ ఒడంబడిక క్రిందికి వచ్చు వానిని ఉంచుకొనువారు నమోదు చేయించవలెనని 2022 నాటి సవరణ విధించినది. కావున మన ఊళ్లలో పాములను పెంచుడని ప్రోత్సహించుట మా ఉద్దేశము కాదు. అయితే ఇంగ్లండు, జర్మనీ, అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇది చాల యిండ్లలో ఉన్న అలవాటు. మన తెలుగు కుటుంబములు ఆ దేశములలో వేలకొలదిగా స్థిరపడినవి. అచట పుట్టి పెరిగిన మనుమడు కుక్కపిల్లకు మారుగా పాముపిల్లను అడుగవచ్చును. పురిటి పనికో, పిల్లలను చూచుకొనుటకో ఇచటినుండి పోయిన అమ్మమ్మకును తాతగారికిని, "మేము రెండు దినములు ఊరిలో ఉండము, దీనిని కొంచెము కనిపెట్టి యుండుడు" అని ఆ పెట్టెను అప్పగించి పోవుట జరుగవచ్చును. కనిపెట్టవలసినదేమి? తిండి కాదు, పెరిగిన పాము వారమునకో రెండు వారములకో ఒకసారి తినిన చాలును. నీరు ఒక గిన్నెడు. కనిపెట్టవలసినది వేడిని.

ఇండ్లలో పెంచు పాములలో రెండు జాతులు మిక్కిలి ప్రసిద్ధములు. ఒకటి కార్న్ స్నేక్. అమెరికా ఆగ్నేయ భాగమునకు చెందిన విషరహితమైన పాము. రెండవది రాయల్ పైథాన్. దీనినే అమెరికనులు బాల్ పైథాన్ అందురు, భయము కలిగినపుడు బంతివలె చుట్టుకొనును గనుక. ఇది మూడు నాలుగు అడుగుల పొట్టి కొండచిలువ. దీని పుట్టినిల్లు పశ్చిమాఫ్రికా: ఘానా, టోగో, బెనిన్ ప్రాంతములు. అచటను ఇది ఎలుక బొరియలలోను, చెదల పుట్టలలోను కాపురముండును. బెనిన్ దేశపు వీదా పట్టణములో ఈ పాములకొక గుడియే కలదు; అచటివారు వానిని చంపరు, దారి తప్పి యింటికి వచ్చినచో మరల గుడికి చేర్తురు. పుట్టను పూజించు మనకు ఆ జనులు మరీ పరాయివారుగా తోపరు.

పామును "చల్లని నెత్తురు గల జంతువు" అని పాఠ్యపుస్తకములు వ్రాయుట కలదు. ఈ మాట అపార్థమునకు తావిచ్చును. ఎండలో కాచుకొన్న పాము నెత్తురు మన నెత్తురంత వెచ్చగా నుండవచ్చును. నిజమేమనగా మన శరీరము తిన్న తిండినుండి వేడిని తానే పుట్టించుకొనును. పాము బయటి వేడిని అరువు తెచ్చుకొనును. తిన్నది జీర్ణమగుట, రోగమును ఎదుర్కొనుట, కుబుసము విడుచుట, కదలుట అన్నియు ఆ అరువుమీదనే నడచును. చలిలో నున్న పాము ఎలుకను మ్రింగినచో అది కడుపులో అరుగక కుళ్లిపోవును; కడపట పాము దానిని వెళ్లగ్రక్కును. చలి దీర్ఘకాలము నిలిచినచో ఊపిరితిత్తులకు జబ్బు చేయును.

ఈ నియమమునకు ఒక సొగసైన మినహాయింపు కలదు. ఆడ కొండచిలువ గ్రుడ్లను చుట్టి పొదుగునపుడు కండరములను ఆగి ఆగి అదరించుచు తానే వేడిని పుట్టించును. 1841లో పారిస్ జంతుశాలలో వలన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ వేడిని కొలిచి చూచెను. 1966లో న్యూయార్కు బ్రాంక్స్ జంతుశాలలోని పాముపై జరిపిన పరిశీలన ఫలితములు ప్రకటింపబడినవి. గాలి చల్లబడిన కొలది పాము ఎక్కువగా అదరుచు గ్రుడ్లను వెచ్చగా నుంచినదని వానివలన స్పష్టమైనది. తల్లి కొండచిలువకు చేతనైన ఈ పనిని పెట్టెలోని పాముకొరకు మనము యంత్రముచేత చేయించుచున్నాము. తల్లికి వేడి ఎప్పుడు చాలునో తెలియును. యంత్రమునకు మనము తెలుపవలెను.

పాములను వెచ్చగా నుంచు విద్య మొదట జంతుశాలలలో పెరిగినది. లండన్ జంతుశాలలో 1849లోనే సరీసృపములకై ప్రత్యేక గృహము తెరచిరి. అయితే పామునకు నిజముగా అనువైన భవనము 1927లో అచట నిర్మించినది. దానికి రూపకల్పన చేసిన విదుషీమణి జోన్ ప్రాక్టర్. ఆమె ఆ జంతుశాలలో సరీసృపముల విభాగమునకు అధికారిణి. చిన్ననాటనుండి పాములను బల్లులను పెంచినది. ఆరోగ్యము సరిలేక 1931లో 34 ఏండ్లకే మరణించినది. భవనమంతటిని ఒకే తీరున కాచుటకు మారుగా విద్యుచ్ఛక్తితో ఒక్కొక్క గదిని దానికి తగినట్లు, అందులోను ఒక్కొక్క మూలను వేరువేరుగా వెచ్చచేయు ఏర్పాటు ఆమె చేయించినది. నేడు యింట పాము పెంచువారు ఆచరించునది ఈ సూత్రమునే: పెట్టెకు ఒక కొన వెచ్చగా, రెండవ కొన చల్లగా నుండవలెను. ఎచట పడుకొనవలెనో పాము నిర్ణయించుకొనును. రెండు కొనలందును దాగుకొనుటకొక గూడు ఉండవలెను. లేనిచో సిగ్గరియైన పాము గూడున్న వైపే కదలక పడియుండి, అచటి వేడి సరిపోకున్నను అచటినుండి రాదు.

రాయల్ పైథానునకు వెచ్చని కొనయందలి నేల 32 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతమున, చల్లని కొన 25, 26 డిగ్రీల ప్రాంతమున ఉండవలెను. కార్న్ స్నేకునకు ఇంతకంటె కొంచెము తక్కువ: వెచ్చని కొన 29, 30, చల్లని కొన 22, 23. అమెరికాలోని పరికరములపై ఫారన్‌హీటు అంకెలుండును. 32 అనునది అచట దాదాపు 90, 26 అనునది దాదాపు 79. ఇచటినుండి పోయిన పెద్దలు ఆ 90ని చూచి బెదరి మీట త్రిప్పరాదు గనుక ఇంత వివరముగా చెప్పుచున్నాము. ఇక 40 సెంటీగ్రేడు దాటిన వేడిలో చిక్కుకొన్న పామునకు కొద్ది సేపటిలోనే ప్రాణాపాయము. కావలసిన వేడికిని చంపు వేడికిని నడుమ నున్న దూరము ఎక్కువ కాదు.

వేడి పుట్టించు సాధనములు పలు రకములు. పెట్టె క్రింద పరచు పలుచని వేడి చాప ఒకటి; దీనిని హీట్ మ్యాట్ అందురు. పైనుండి వ్రేలాడదీయు దీపము మరియొకటి. వెలుగు లేక వేడి మాత్రమే యిచ్చు పింగాణీ గుండు వేరొకటి. పింగాణీ గుండు ఎఱ్ఱగా కూడ కనబడదు, కాని దాని పైపొర వందలకొలది డిగ్రీలు కాగును. దానిని ప్లాస్టిక్ హోల్డరులో బిగించినచో హోల్డరు కరగును. దానికి పింగాణీ హోల్డరే కావలెను. దీపమైనను, గుండైనను పెట్టె లోపల నున్నచో చుట్టును తీగల పంజరము తప్పనిసరి. పాము వేడికి ఆశపడి దానిని పెనవేసికొనును.

ఈ మాట వినువారికి వింతగా తోచవచ్చును: కాలుచున్న వస్తువును పాము వదలి పోదా? పెక్కుసార్లు పోదు. రాయల్ పైథాను పెదవులవెంట చిన్న గుంటలున్నవి. చీకటిలో ఎలుక ఒంటి వేడిని ఆ గుంటలతో పసిగట్టును. అంతటి సూక్ష్మమైన ఇంద్రియము కలిగి యుండియు, పొట్టక్రింద నేల కాగుచుండగా చర్మము కమిలిపోవువరకు అచటనే పడుకొనియుండుట పశువైద్యులు తరచుగా చూచుచున్న సంగతి. ఈ కారణముచేతనే రాతి ఆకారమున చేసి లోపల విద్యుత్తీగ నమర్చి అమ్ము "వేడిరాయి" అను వస్తువు అపకీర్తి పాలైనది. అందు ఒకచోట వేడి మఱియొకచోటి వేడికంటె చాల ఎక్కువగా నుండును. మా మాట వినువారు దానిని కొననే రాదు. ఎవరైన బహుమానముగా యిచ్చినచో పూలకుండీ ప్రక్కన అలంకారముగా నుంచుకొనవచ్చును, తీగ కత్తిరించిన తరువాత.

కాలిన గాయము మొదట గులాబిరంగు మచ్చగా పొట్టమీది పొలుసులపై కనబడును. ఒకటి రెండు దినములకు బొబ్బలగును. పామును వేడినుండి తప్పించి, గోరువెచ్చని నీటితో మెల్లగా చల్లార్చి, సరీసృపములను చూచు పశువైద్యునికడకు తీసికొని పోవలెను. వెన్నయు పసుపును పూయు మన వంటింటి అలవాటు ఇచట వలదు.

ఇక అసలు విషయమునకు వచ్చుచున్నాము. వేడి సాధనము దేనినైనను నేరుగా గోడ సాకెట్టుకు తగిలింపరాదు. నడుమ థర్మోస్టాట్ అను నియంత్రకము ఉండవలెను. దీనికొక సన్నని తీగ, తీగ కొనయందు వేడిని గ్రహించు చిన్న మొన యుండును. ఆ మొనను ప్రోబ్ అందురు. ప్రోబ్ దగ్గర వేడి మనము నిర్ణయించిన అంకెను చేరగానే విద్యుత్తు ఆగును. తగ్గగానే మరల వచ్చును. వేడి చాపకు ఈ విధముగా ఆగుచు వచ్చుచు నుండునది చాలును. దీపమునకు మాత్రము వెలుగును క్రమముగా తగ్గించి పెంచు రకము కావలెను. లేనిచో దీపము మాటిమాటికి ఆరి వెలుగుచు త్వరగా మాడిపోవును.

థర్మోస్టాట్ కొన్నవారు ఇక చింత లేదని తలంతురు. చింత అచటనే మొదలగుచున్నదని మా అభిప్రాయము. ఈ పరికరము చెడుట రెండు విధములు. ఒకటి, విద్యుత్తు శాశ్వతముగా ఆగిపోవుట. అప్పుడు పెట్టె గది చలికి చల్లబడును, పాము మందగించును, ఒకటి రెండు దినములలో మనము గమనించినచో సాధారణముగా ప్రాణహాని లేదు. రెండవది, విద్యుత్తు శాశ్వతముగా ప్రవహించుట. అప్పుడు గంటలలోనే పాము చచ్చును. చల్లనివైపు చెడుటకును వేడివైపు చెడుటకును ఇంతటి భేదమున్నది. ఏ పరికరమైనను ఏనాడో ఒకనాడు చెడకమానదు. చెడినపుడు అది చల్లనివైపునకు చెడునట్లు, లేక వేడివైపు చెడినను చంపునంత వేడి పుట్టకుండునట్లు, ముందుగానే అమర్చుట మన చేతిలో నున్నది.

వేడివైపు ఎట్లు చెడును? చాల థర్మోస్టాట్లలో రిలే అను చిన్న మీట యుండును. అది దినమున పలుమార్లు టిక్కు టిక్కు మని కలియుచు విడిపోవుచు నుండును. కలిసినప్పుడెల్ల రెండు లోహపు మొనల నడుమ చిన్న నిప్పురవ్వ పుట్టును. ఏండ్లు గడచిన కొలది ఆ మొనలు అరిగి, గరుకెక్కి, ఒకనాడు ఒండొంటికి అతుకుకొని పోవును. ఇక విడిపోవు. రిలే లేని కొత్త రకములలో సిలికాన్ ముక్క యొకటి ఆ పనిని చేయును. అదియు చెడినపుడు తరచుగా మూసికొనక తెరచుకొనియే పోవును, అనగా విద్యుత్తు నాపదు. పెట్టె బయటి చిన్న దీపము ఎల్లపుడు వెలుగుచు ఎప్పుడును ఆరకయున్నచో ఇట్టి అనుమానము పడవలెను.

కాని రిలే కంటె తరచుగా మోసము చేయునది ప్రోబ్. నియంత్రకము బాగుగానే యుండును. ప్రోబ్ తన చోటునుండి తొలగిపోవును. పాము రాత్రి పెట్టెనంతటిని త్రవ్వి తిరుగునపుడు తీగను ఒంటితో లాగివేయును. ప్రోబ్ చల్లని మూలకో, పెట్టె బయటికో పడిపోవును. అచటి చల్లని గాలిని గ్రహించి అది "ఇంకను చలిగా నున్నది, ఇంకను కావలెను" అని చెప్పుచునే యుండును. చాప కాగుచునే యుండును. నీటి గిన్నె ఒలికి ప్రోబ్ తడిసినను ఇదే ఫలితము. మరియొక పొరపాటు, ప్రోబును చెక్కపొట్టుపైన పెట్టుట. వేడి వచ్చునది పొట్టుక్రిందినుండి. పొట్టు దట్టముగా నున్నచో కంబళివలె వేడిని క్రింద నిలిపివేయును. పైన ప్రోబ్ 32 చూపుచుండగా అడుగున గాజు 40 దాటియుండవచ్చును. పాము పొట్టును త్రవ్వుకొని పోయి ఆ గాజుపైననే పండుకొనును. కావున పాము శరీరము తాకగల చోట్లలో అన్నిటికంటె వేడియైన చోటనే ప్రోబ్ ఉండవలెను. చాప పెట్టెక్రింద నున్నపుడు దానికిని గాజు అడుగునకును నడుమ ప్రోబును అదిమి పెట్టుట ఒక మంచి పద్ధతి. అచటికి పాము రాజాలదు, నీరు చేరదు. అయితే అచటి అంకెకును గాజుపైని అంకెకును తేడా యుండును గనుక పైన విడిగా కొలిచి మీటను సరిచేయవలెను. లోపల బిగింపవలసి వచ్చినచో కొక్కెముతోనో మరతోనో బిగింపవలెను. అంటుపట్టీ వాడరాదు. అది ఊడి పాముకు అంటుకొన్నచో తీయునపుడు పొలుసులు, చర్మము కూడ చిరిగి వచ్చును.

పెట్టెక్రింద చాప పరచినవారు పెట్టెను నాలుగు చిన్న కాళ్లమీద నిలుపవలెను. బల్లకును చాపకును నడుమ గాలి యాడనిచో వేడి అచటనే పేరుకొని గాజు పగులవచ్చును, బల్ల మాడవచ్చును. చాప వైశాల్యము నేలలో మూడవ వంతునకు మించరాదు. మించినచో చల్లని కొన అనునది మిగులదు.

ఇక అన్నిటికంటె చౌకయైన రక్షణ ఒకటి కలదు, దానిని తలచువారు తక్కువ. అది వేడి సాధనపు వాట్లను తగినంతకే పరిమితము చేయుట. ఒక లెక్క చూడుడు. గది వేడి 20 డిగ్రీలు, వెచ్చని కొనయందు మనకు కావలసినది 32. అనగా చాప 12 డిగ్రీలు పెంచవలెను. ఎడతెగక పనిచేసినను 14 డిగ్రీలు మాత్రమే పెంచగల చాపను కొన్నామనుకొందము. థర్మోస్టాట్ అతుకుకొని పోయినను అచట 34 డిగ్రీలే యగును. పాము చల్లని కొనకు జరిగి మనము వచ్చువరకు ఓర్చుకొనును. "పెద్దదైన మేలు గదా" అని 28 డిగ్రీలు పెంచగల దానిని కొన్నచో, థర్మోస్టాట్ చెడిన దినమున అచట 48. రెండు ఇండ్లలోను చెడినది ఒకే పరికరము. అయితే ఈ లెక్కకు ఒక షరతు కలదు: వేసవిలో గది 28 డిగ్రీలైనపుడు చిన్న చాప కూడ 42కు తీసికొని పోగలదు. కనుక ఋతువు మారినపుడు లెక్కను మరల వేసికొనవలెను. వేసవి మధ్యమున చాపను కొన్నాళ్లు తీసివేయుటయే మంచిదైన ఇండ్లును కలవు.

రెండవ రక్షణ, మొదటి థర్మోస్టాట్ వెనుక రెండవదానిని తగిలించుట. విద్యుత్తు మొదట ఒకదానిగుండ, తరువాత రెండవదానిగుండ పోవలెను. మొదటిది 32కు, రెండవది 35కు అమర్చవలెను. మామూలు దినములలో రెండవదానికి పని యుండదు. మొదటిది అతుకుకొనిన దినమున రెండవది ఆపును. దాని ప్రోబ్ వేరుగా, వేరుచోట బిగించి యుండవలెను. రెండు ప్రోబులను ఒకే కొక్కెమునకు కట్టినచో అవి రెండును ఒకేసారి ఊడును.

మూడవది థర్మామీటరు. థర్మోస్టాట్ ముఖముపై కనబడు అంకె దాని స్వంత సాక్ష్యము. దానికి వేరొక సాక్షి కావలెను. గాజు గోడకు అంటించు గుండ్రని చౌక గడియారపు బిళ్లలు గోడ దగ్గరి గాలిని కొలుచునవి, అవి నేల వేడిని చెప్పవు. గడచిన దినమున ఎక్కువ వేడి ఎంత, తక్కువ వేడి ఎంత అని గుర్తుంచుకొను అంకెల థర్మామీటరు కొనుట మేలు. ఉదయము కాఫీ త్రాగుచు దానివంక ఒకసారి చూచినచో రాత్రి జరిగిన కథ తెలియును. పెద్దలకు పెట్టె నప్పగించి పోవు పిల్లలు ఒక కాగితముపై తెలుగులో మూడు మాటలు వ్రాసి పెట్టె కంటించి పోవుట మంచిది: ఈ అంకె ఇంతకు మించినచో ఈ ప్లగ్గు తీసివేయుడు, పెట్టె మూతకు తాళమున్నది తెరువకుడు, మాకు ఫోను చేయుడు. ప్లగ్గు తీయుట ఎప్పుడును తప్పు కాదు. సందేహమున్నపుడు చలియే శ్రేయస్కరము.

నెలకొకసారి థర్మోస్టాట్‌ను పరీక్షింపవలెను. ప్రోబును పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నిర్ణయించిన అంకెకంటె వేడిగా నున్న నీటి గ్లాసులో నుంచినచో దీపము ఆరవలెను. చల్లని నీటి గ్లాసులో నుంచినచో వెలుగవలెను. రెండు నిమిషముల పని. ఆ చేతితోనే ప్లగ్గును తాకి చూడుడు. ప్లగ్గు వేడెక్కినచో లోపల బిగువు లేదని అర్థము. చాపపై ముడుత, గోధుమరంగు మచ్చ, మాడువాసన ఏది కనబడినను అది పారవేయవలసిన చాప. దానిని మడతపెట్టి దాచి, మరియొక పెట్టెకు వాడుకొందమను పొదుపు వలదు.

తీగలు సాకెట్టుకు చేరుచోట ముందుగా కొంచెము క్రిందికి వ్రేలాడి మరల పైకి పోవునట్లు అమర్చవలెను. పెట్టెనుండి కారిన నీటిబొట్టు తీగవెంట ప్లగ్గులోనికి పోక ఆ వంపువద్ద నేలకు రాలిపోవును. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మరియొక బోర్డును తగిలించుట, పెట్టెపై తువ్వాలు కప్పి దానిపై దీపము నుంచుట, పామును మాత్రమే కాదు, ఇంటినే కాల్చు పనులు. ఇంగ్లండులో ప్లగ్గులోనే ఫ్యూజు యుండును. కొద్ది వాట్ల చాపకు 13 ఆంపియర్ల ఫ్యూజు అక్కరలేదు, 3 ఆంపియర్లది చాలును. అమెరికానుండి ఇంగ్లండునకు ఉద్యోగము మారిపోవు కుటుంబములు ఇంకొక సంగతిని గమనింపవలెను. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, ఇంగ్లండుది 230. అచటి 20 వాట్ల చాపను ఇచట తగిలించినచో అది రెండింతలు కాదు, మూడున్నర రెట్లకు పైగా, అనగా 70 వాట్లు దాటి కాగును. ప్లగ్గు ఆకారము మార్చు చిన్న వస్తువు వోల్టులను మార్చదు.

పరికరము చెడకయే విద్యుత్తు పోవు దినములును ఉండును. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ రాష్ట్రమున మంచు తుపాను వచ్చి 45 లక్షల ఇండ్లకు, దుకాణములకు విద్యుత్తు నిలిచిపోయెను. కొన్నిచోట్ల మూడు నాలుగు దినములవరకు రాలేదు. మన తెలుగువారు దట్టముగా నున్న డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ పట్టణములు అన్నియు అందు చిక్కుకొన్నవి. మనుష్యులే కంబళ్లలో ముడుచుకొన్న అట్టి రాత్రులలో పామును కాపాడుట ఎట్లు? దానిని దిండు గలీబులోనికి విడిచి మూతి కట్టి, గాలి రంధ్రములు గల థర్మోకోల్ పెట్టెలో నుంచవలెను. ఒక సీసాలో వేడినీరు, మరుగునది కాదు, చేయి ఓర్చునంతటిది, పోసి తువ్వాలులో చుట్టి పెట్టెకు ఒక ప్రక్కనే నుంచవలెను. రెండవ ప్రక్క ఖాళీగా నుండవలెను. ఇచటను వెచ్చని కొన, చల్లని కొన అను నియమము మారదు. జేబులో నుంచుకొను రసాయనపు వెచ్చని పొట్లములు గాలిలోని ప్రాణవాయువును వాడుకొని కాగునవి; మూసిన చిన్న పెట్టెలో వానిని ఉంచరాదు. ఎంత చలియైనను ఇంటిలోపల బొగ్గుల కుంపటి వెలిగించుట, కారును గ్యారేజిలో నడిపి వెచ్చచేసికొనుట చేయరాదు. ఆ తుపానులో హ్యూస్టన్ ప్రాంతమున ఇట్టి పొగలోని కార్బన్ మోనాక్సైడు వలన మనుష్యులే మరణించిరి.

ఆ దినములలో పామునకు తిండి పెట్టరాదు. ఖాళీ కడుపుతో నున్న ఆరోగ్యమైన పాము రెండు మూడు దినముల చల్లదనమును ఓర్చుకొనును; నిండు కడుపుతో ఓర్చుకొనలేదు. విద్యుత్తు మరల వచ్చినపుడు తొందరపడి వెంటనే పెట్టెలో విడువకుడు. కొన్ని థర్మోస్టాట్లు విద్యుత్తు పోయినపుడు మనము పెట్టిన అంకెను మరచి, కర్మాగారపు అంకెకు మరలిపోవును. కావున ముందు మీటను చూచి, పెట్టెను ఖాళీగానే కాగనిచ్చి, రెండు కొనలందును థర్మామీటరు ఒక గంటసేపు సరియైన అంకెలలో నిలిచిన తరువాత పామును లోనికి విడువవలెను. మొదటి ఎలుకను ఆ తరువాత మరి రెండు మూడు దినములు గడచిన పిమ్మట పెట్టవచ్చును.